ఉప్పు కాగితం

మరకాయ్‌లో, బస్సు డిపో వెనకాల
రేకుల షెడ్డులో నా పని
బొమ్మల ఒళ్ళు నునుపు చెయ్యడం.
బట్టల కొట్ల ముందు నిలబడతాయే, ఆ బొమ్మలు.
అచ్చులోంచి ఊడొచ్చేసరికి
చంకల కింద అతుకులుంటాయి,
తొడల లోపల బుడిపెలుంటాయి.
ఉప్పు కాగితం తడిపి రుద్దుతాను.
రోజుకి పదకొండు ఒళ్ళు.
తలలు వేరే షెడ్డులో చేస్తారు.
చాలా కొట్లు తలలు అడగవు.

నేను చేరిన ఏడు అచ్చు మామూలుదే,
మా పిన్నిలా ఉండేది, కాస్త నీటుగా.
తర్వాత యజమాని రమీరో
రొమ్ము దగ్గర రెండు వేళ్ళు పెంచమన్నాడు,
నడుం దగ్గర నాలుగు వేళ్ళు కొట్టెయ్యమన్నాడు.
సరుకు ఆగలేదు.
మళ్ళీ పెంచాడు, మళ్ళీ కొట్టేశాడు.
ఇప్పుడా నడుంలో
ఒక పేగు పట్టొచ్చు, రెండోది పట్టదు.
నాకేం, బొమ్మకింతని కూలి.
ఆ కూలితో మొక్కజొన్న పిండి కొంటాను.
ఆ పిండితో చేసిన అరెపా రొట్టెనే
నా కూతురు కంచం అంచుకి తోసేస్తుంది.

యుస్మారికి పద్నాలుగు.
బడి రిబ్బను నడుంకి చుట్టి
పెన్నుతో గీతలు పెడుతుంది.
పక్కన తేదీలు. చక్కని దస్తూరి.
అన్నం తిన్నాక స్నానాలగదిలో
కుళాయి విప్పి ఉంచుతుంది,
నీళ్ళు రాని రోజున రేడియో పెడుతుంది,
నాకు వినపడకూడదని.
వినపడుతుంది.
వింటూ నేను కడిగిన గిన్నే కడుగుతాను.

దాని మేనత్త ఒమైరా ముచ్చటపడి అంది:
"పదిహేను నిండనీ, రొమ్ము ఆపరేషనుకి
డబ్బు నేను పెడతా."
కేకు గురించి చెప్పినట్టే చెప్పింది.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ నవ్వు ఇంకా గొంతులో పీచులా అడ్డం.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది,
ఎప్పట్నించి ఇలా, అని.
రమీరో మూడోసారి అచ్చు మార్చిన రోజు
నోటిదాకా వచ్చింది.
"ఈమధ్యే" అన్నాను.

వచ్చేదారిలో ఒక కొట్టు ముందు ఆగిపోయింది.
గులాబీరంగు గౌను.
బొమ్మని నేను గుర్తుపట్టాను,
ఎడమ మోకాలి వెనక గీటు
ఓ శనివారం నా తొందర.
కొట్టు పిల్ల దాన్ని వెనక్కి తిప్పింది.
వీపు పొడుగునా గుండుసూదులు, పదిహేడు,
బట్టని వెనక్కి లాగి పట్టుకుని.
అమ్మయ్య, ఇది చూస్తే
దీని బుర్రకెక్కుతుంది అనుకున్నాను.
"ఆమెకే వదులైందా!" అంది నా కూతురు,
అసూయగా.

మర్నాడు నేనొక పని చేశాను.
లప్పం ముద్ద తీసి
ఒక బొమ్మకి బొడ్డు కింద
నాకున్నలాంటి మడత పెట్టాను,
యుస్మారిని మోసిన నెలలు వదిలి వెళ్ళిన మడత.
ఎండనిచ్చాను. చెయ్యి వేసి చూసుకున్నాను.
మధ్యాహ్నం రమీరో వచ్చి చూశాడు.
తిట్టలేదు.
ఉప్పు కాగితం అందించాడు.
రుద్దేశాను. ఎంతోసేపు పట్టలేదు.

ఇంటికొచ్చేసరికి మోచేతుల నిండా గాజుపీచు.
టేపు ముక్కలు అతికించి పీకడం
చిన్నప్పట్నించీ దాని వంతు.
దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి,
గోళ్ళ అడుగున నీలం.
"ఇవాళ ఎవర్ని రుద్దావు?" అంది,
ఎప్పుడూ అడిగినట్టే.
చెప్పాను.
టేపు చప్పుడు ఆగిపోయింది.
చాలాసేపటికి నా చొక్కా అంచు ఎత్తి
ఆ మడతని చూసింది,
కొలవకుండా.

పెనం మీద రొట్టె మాడుతోంది.
లేచాను.
"సగమే" అంది వెనకనించి.
సగమే పెట్టాను.
రేడియో తీగ చేతికి చుట్టుకుని
తను నమిలినంతసేపూ
పక్కనే కూర్చున్నాను.